సముద్రం పక్కన ఇల్లు సరే, ఇండియాలో ఫ్లాటు ఎవరి పేరున ఉంది?

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో సొంతిల్లు కొనుక్కున్న మనవాళ్ళ గురించి మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం మా అత్తగారు వాట్సాప్‌లో పంపితే చదివాను. ఫోటోలు ముచ్చటగా ఉన్నాయి. గుమ్మం ముందు తాళాలు పట్టుకుని నవ్వుతున్న జంట, వెనకాల నీలంగా సముద్రం, కింద కల నెరవేరిందని ఒక రాత. వాళ్ళ సంతోషం వాళ్ళది, నాకేం అభ్యంతరం లేదు. కానీ అంత పెద్ద వ్యాసంలో ఇల్లు చేతికొచ్చే ముందు ఏం జరుగుతుందో, ఎంత పన్ను కడతారో, ఏ కాగితం లేక బేరం ఆగిపోతుందో ఒక్క ముక్క లేదు. ఇలాంటివి చదివి ఇక్కడ పిల్లలు ఇళ్ళు వెతకడం మొదలుపెడతారు, అక్కడ అమ్మానాన్నలు అదే ఊపులో పిల్లల పేరున ఇంకో ఫ్లాటు రాయించేస్తారు, ఈ రెండూ కలిసి ఎక్కడ దెబ్బ కొడతాయో డబ్బు కట్టేదాకా ఎవరికీ తెలియదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం. పొడుగైంది, మీకు వీలున్నంత వేసుకోండి.

మేముండేది ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, బోర్న్‌మత్‌కి తూర్పున ఉన్న సౌత్‌బోర్న్‌లో. నేను ఫార్మసిస్టుని, మా ఆయనది సాఫ్ట్‌వేర్. బోర్న్‌మత్‌లో జేపీ మోర్గాన్‌కి పెద్ద క్యాంపస్ ఉంది, దగ్గర్లోనే రాయల్ బోర్న్‌మత్ ఆస్పత్రి ఉంది, అందుకని ఐటీ వాళ్ళూ నర్సులూ డాక్టర్లూ కాస్త కాస్తగా ఇటు చేరుతున్నారు. స్లౌ, హౌన్‌స్లో, ఈస్ట్ హామ్‌లాగా మనవాళ్ళ సందడి ఉండే చోటు మాత్రం కాదిది. పోక్స్‌డౌన్ స్టేషన్‌లో రైలెక్కితే లండన్ వాటర్లూకి సుమారు రెండు గంటలు. వారానికి ఒకటి రెండు రోజులు ఆఫీసుకి వెళ్తే చాలనుకునేవాళ్ళకి ఆ రెండు గంటలు భరించదగ్గవే, రోజూ అంటే మాత్రం వద్దు, నా మాట వినండి.

చోటు అందమైనదే, అందులో అబద్ధం లేదు. మట్టికొండ అంచున రోడ్డు, కింద ఇసుక, ఆకాశం తేటగా ఉన్నరోజు ఐల్ ఆఫ్ వైట్ దీవి, దాని కొసన నీడిల్స్ అనే తెల్లటి రాళ్ళు కనిపిస్తాయి. కొండ మీద నుంచి బీచిలోకి పట్టాల మీద దిగే చిన్న పెట్టె ఒకటుంది, ఫిషర్‌మన్స్ వాక్ లిఫ్టు అంటారు, 1935లో పెట్టారు, మొత్తం పొడవు 39 మీటర్లే, ప్రపంచంలోకెల్లా పొట్టి ఫ్యునిక్యులర్ రైలని గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. మా అబ్బాయికి దాన్ని మించిన రైలు లోకంలో లేదు. ఇంకా తూర్పుకి నడిస్తే హెంగిస్ట్‌బరీ హెడ్, అది దాటితే మడిఫర్డ్ ఇసుక దిబ్బ, అక్కడ చెక్క గదులు వరసగా ఉంటాయి. లోపల కుళాయి లేదు, టాయిలెట్ లేదు, మార్చి నుంచి అక్టోబరు దాకానే రాత్రి పడుకోనిస్తారు, అయినా ఒక్కో గది మూడు లక్షల పౌండ్లు దాటి అమ్ముడైన సందర్భాలున్నాయి. సముద్రం పేరు చెప్పి ఇక్కడ ఏదైనా అమ్మొచ్చు అనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అదే సముద్రం పట్టుకుపోయిన సంగతులు కూడా ఇక్కడే ఉన్నాయి. 1888లో సౌత్‌బోర్న్‌లో ఒక పియర్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి సాగే వంతెనలాంటిది, కట్టారు, 1900 చివర, ఆ మరుసటేడు మొదట్లో వరసగా వచ్చిన తుపాన్లకి విరిగిపోయింది, 1907లో మిగిలింది కూడా పీకేశారు, మళ్ళీ ఎవరూ కట్టలేదు. 2016లో ఇక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో ఈస్ట్ క్లిఫ్ దగ్గర కొండచరియ విరిగి, అక్కడి లిఫ్టు దిగువ స్టేషన్ మీద పడింది. కాబట్టి కొండ అంచున ఇల్లు చూసి ముచ్చటపడే ముందు ఆ అంచుని ఎవరు కాపాడుతున్నారో అడగాలి. ఇంగ్లండ్ తీరమంతటికీ షోర్‌లైన్ మేనేజ్‌మెంట్ ప్లాన్ అని ఒకటుంటుంది, ఏ ముక్కని గోడలు కట్టి నిలబెడతారో, ఏ ముక్కని సముద్రానికి వదిలేస్తారో అందులో రాసిపెట్టి ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. నార్ఫోక్‌లో హెమ్స్‌బీ అనే పల్లెలో 2013లోనూ, మళ్ళీ 2023 డిసెంబరులోనూ ఇళ్ళు పోయాయి. కోతకి పోయిన ఇంటికి ఇక్కడ ప్రభుత్వం నష్టపరిహారం ఇవ్వదు, మామూలు ఇంటి ఇన్సూరెన్స్ కూడా ఇవ్వదు. వరద సంగతి వేరు, దానికి ఇన్సూరెన్స్ ఉంది, ఫ్లడ్ రీ అనే పథకం 2016 నుంచి నడుస్తోంది, కానీ 2009 జనవరి 1 తర్వాత కట్టిన ఇళ్ళకి అది వర్తించదు. కొత్త ఇల్లు కాబట్టి అన్నీ బాగుంటాయి అనుకునే మనవాళ్ళు ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి.

ఇక బతుకు. జూలైలో వచ్చి చూసి ఇల్లు కొనకండి, ఇది మొదటి మాట. జూలైలో అందరికీ నచ్చుతుంది. డిసెంబరులో మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడ్డాక, నైరుతి గాలి కిటికీల్ని ఊపుతున్నప్పుడు, సగం ఐస్‌క్రీమ్ బడ్డీలు తలుపులు వేసి ఉన్నప్పుడు వచ్చి ఒక చుట్టు తిరగండి. అప్పుడు కూడా నచ్చితే ఇది మీ ఊరే. నాకు అప్పుడే ఎక్కువ నచ్చింది, ఎవరి పిచ్చి వారిది. గాలి వీచిన మర్నాడు కారు అద్దం మీద తెల్లటి ఉప్పు పొర ఉంటుంది, వేలితో గీస్తే గీత పడుతుంది. కిటికీ బందులు చూడబోతే పైకి తెల్లటి ప్లాస్టిక్, తెరిచి చూస్తే లోపల మర మేకులన్నీ ఎర్రగా తుప్పు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ప్రతి కిటికీ తెరిచి మూయండి, ఏజెంటు ఏమనుకుంటాడోనని మొహమాటపడకండి. సముద్రం వైపు కిటికీ ఒకటి కొనదాకా తెరుచుకోకపోతే ధర మాట్లాడటానికి అదే మీ చేతిలో ఆయుధం. దండెం మీద బట్టలు ఎండుతాయి గానీ ఆరిన బట్టలా ఉండవు, కొంచెం జిగటగానే ఉంటాయి.

సీగల్స్ గురించి ఎవరూ చెప్పరు. చిమ్నీ పక్కన గూడు పెడితే మే నుంచి ఆగస్టు దాకా తెల్లవారుజామున నాలుగున్నరకే లేపుతాయి, పిల్లలు దిగే రోజుల్లో నెత్తి మీదకి దూసుకొస్తాయి. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం గుడ్లున్న గూడు కావాలని పీకేయడం, పాడుచేయడం నేరం. వాటితో సర్దుకుపోవడమే.

చుట్టుపక్కల అంతా పెద్దవాళ్ళు. మా పక్కింటావిడకి ఎనభై దాటాయి. మేం ఊళ్ళో లేకపోతే మా చెత్తడబ్బా ఆవిడే లోపలికి లాగిపెడుతుంది, పార్సిల్ వస్తే తీసి ఉంచుతుంది. మొదట్లో పోపు వాసనకి ఏమంటారోనని మేం తెగ టెన్షన్ పడి చలికాలంలో కూడా కిటికీ తెరిచి వంట చేసేవాళ్ళం. ఒకరోజు ఆవిడే తలుపు కొట్టి అడిగింది, వాసన గురించి కాదు, మీ ఇంట్లో రోజూ సాయంత్రం ఫైర్ అలారం ఎందుకు మోగుతోందని. అది కుక్కర్ విజిల్. ఆ రోజు నుంచి మా ఇంట్లో పప్పు ఉడికితే ఆవిడకి తెలుస్తుంది. గుడికి వెళ్ళాలంటే మాత్రం సౌతాంప్టన్ దాకా వెళ్ళాలి, కరివేపాకు దొరికినరోజు నాలుగు కట్టలు తెచ్చి ఫ్రీజర్‌లో వేసుకోవాలి, పిల్లలతో తెలుగు మాట్లాడేవాళ్ళు ఇంట్లో మీరిద్దరే. ప్రశాంతత కావాలంటే దాంతోపాటు ఇదీ వస్తుంది.

ఇల్లు వెతికేటప్పుడు ఇలాంటి తీరప్రాంతాల్లో ఒక ఉచ్చు ఉంది. రైట్‌మూవ్ అనే ఇళ్ళ ప్రకటనల వెబ్‌సైటులో చూస్తుంటే సముద్రానికి రెండు వీధుల దూరంలో చక్కటి ఫ్లాటు, పక్కవాటికంటే బాగా తక్కువ ధరకి కనపడుతుంది. మా స్నేహితులు ఒకరు ఆఫర్ కూడా రాసేశారు, తీరా చూస్తే 60 ఏళ్ళు దాటినవాళ్ళకి మాత్రమే అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. రిటైరైనవాళ్ళ కోసం కట్టిన బిల్డింగులు ఇక్కడ వీధికొకటి. వయసు షరతు లేని ఫ్లాటైనా సరే, అది లీజ్‌హోల్డా, అంటే స్థలం వేరేవాళ్ళదై మీకు కొన్నేళ్ళ హక్కు మాత్రమే ఉండేదా, ఆ లీజు ఇంకా ఎన్నేళ్ళుంది, సర్వీస్ చార్జి ఏడాదికి ఎంత, వచ్చే రెండు మూడేళ్ళలో పైకప్పు, బాల్కనీలు బాగు చేయించే పని ఏమైనా ఉందా, ఇవి అడగకుండా అడుగు వేయొద్దు. లీజు 80 ఏళ్ళ లోపుకి దిగితే పొడిగించుకోవడానికి ఖర్చు బాగా పెరుగుతుంది, బ్యాంకులు కూడా మొహం చిట్లిస్తాయి. మన అపార్టుమెంట్లలో మెయింటెనెన్స్ లాంటిదే కదా అనుకుంటారు గానీ, ఉప్పుగాలికి పగిలిన బాల్కనీ కాంక్రీటు మరమ్మతు బిల్లు వస్తే అది నెలనెలా కట్టే మెయింటెనెన్స్‌లా ఉండదు, ఒక్కసారిగా వేలల్లో మీద పడుతుంది. ఇండ్లకైతే సాధారణంగా ఫ్రీహోల్డే, అంటే స్థలంతో సహా పూర్తిగా మనదే, కాబట్టి ఆ గొడవ తక్కువ, వాటికి వేరే గొడవలున్నాయి.

మేం చూసిన ఇళ్ళు చాలావరకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టినవి. వాటి గోడలు రెండు పొరలుగా ఉంటాయి, మధ్యలో ఖాళీ, ఆ రెండు పొరల్నీ పట్టి ఉంచే ఇనుప కొక్కీలు లోపల ఉంటాయి. వాల్ టైలు అంటారు. సముద్రం దగ్గర ఇవి త్వరగా తుప్పుపడతాయి, తుప్పుపట్టి ఉబ్బితే ఇటుకల మధ్య సున్నం వరసలో అడ్డంగా పగుళ్ళు వస్తాయి. పై నుంచి కింది దాకా దాదాపు ఒకే ఎడంలో అడ్డపగుళ్ళు కనపడితే అదే అనుమానించాలి. నాకు ఇవన్నీ ఎలా తెలుసంటే, కొనేముందు ఇంటి పరిస్థితి పరీక్షించే సర్వేయర్ ఒక ఇంటి పక్కగోడ దగ్గర నిలబెట్టి, పెన్ను మొనతో ఒక్కో పగులూ చూపించి, ఇక్కడ, ఇక్కడ, మళ్ళీ ఇక్కడ అని లెక్కపెట్టాడు. ఆ గోడకి వారం కిందటే వేసినంత కొత్త పెయింటు. ఆ ఇల్లు వదిలేశాం. బ్యాంకు వాళ్ళు చేయించే వాల్యుయేషన్ అంటే సర్వే కాదండీ, ఇది చాలామందికి తెలియదు, అది బ్యాంకు అప్పుకి ఆ ఇల్లు సరిపోతుందా లేదా అని చూసుకోవడం మాత్రమే, మీ మంచి కోసం కాదు. పాత ఇల్లయితే మీ డబ్బుతో మీరు అన్నిటికంటే వివరంగా ఉండే లెవెల్ 3 సర్వే చేయించుకోవాలి. కొన్ని వందల పౌండ్లవుతుంది, పెద్ద ఇంటికి వెయ్యి కూడా దాటొచ్చు, అయినా ఇక్కడ కక్కుర్తి పడకూడదు.

ఇక బేరం. ఇంగ్లండ్‌లో మీరు ఆఫర్ ఇచ్చారు, అమ్మేవాళ్ళు ఒప్పుకున్నారు, ఇంటి ముందు బోర్డు మార్చి సోల్డ్ అని కూడా తగిలించారు, అయినా ఆ ఇల్లు మీది కాదు. రెండు పక్షాలూ సంతకం చేసిన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకునే రోజు దాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. బయానా అనేది ఉండదు, మాట మీద గౌరవమే తప్ప చట్టం లేదు. ఎవరో పదివేల పౌండ్లు ఎక్కువిస్తామంటే అమ్మేవాళ్ళు అటు తిరిగినా మీరు చేయగలిగిందేమీ లేదు. స్కాట్లండ్‌లో పద్ధతి వేరు, అక్కడ బేరం త్వరగా గట్టిపడుతుంది. దీనికి తోడు చైన్ అని ఒకటి. మాకు ఇల్లు అమ్ముదామనుకున్న ముసలి దంపతులు ఒక రిటైర్‌మెంట్ ఫ్లాటు కొనాలి, ఆ ఫ్లాటు అమ్మేవాళ్ళు డెవన్‌లో ఇల్లు కొనాలి, డెవన్ వాళ్ళు ఇంకెక్కడో. ఆ చివరాయనకి లోన్ రాలేదు, మొత్తం కుప్పకూలింది. మేం లాయరుకీ సర్వేకీ కట్టిన డబ్బు పోయింది. ఆ ముసలావిడ మాకు కార్డు రాసి పంపింది, క్షమించండని. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది.

అంతా సవ్యంగా సాగినా నాలుగైదు నెలలు మామూలు. ఈ నెలల్లో లాయర్లు కౌన్సిల్ నుంచి, నీళ్ళ కంపెనీ నుంచి, పర్యావరణం గురించి సర్చ్‌లు, అంటే ఆ ఇంటి తాలూకు వివరాల నివేదికలు, తెప్పిస్తారు, అమ్మేవాళ్ళు ఫారాలు నింపుతారు. పక్కింటివాళ్ళతో గొడవలున్నాయా, తోటలో జపనీస్ నాట్‌వీడ్ అనే మొండి మొక్క ఉందా, కర్టెన్ రాడ్లు వదిలి వెళ్తారా పీక్కుపోతారా, అన్నీ అందులో రాయాలి. పాత దస్తావేజుల్లో షరతులు కూడా ఉంటాయి, ఇంటి ముందు కారవాన్ పెట్టకూడదు, వ్యాపారం చేయకూడదు వగైరా. కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకున్నరోజు సాధారణంగా 10 శాతం కట్టాలి, ఆ తర్వాత కాదంటే ఆ డబ్బు వదులుకోవాలి. చివరికి ఇల్లు చేతికొచ్చేరోజు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు, వేలిముద్రలు అలాంటివేం లేవు, లాయరు డబ్బు పంపుతాడు, ఏజెంటు ఫోన్ చేసి తాళాలు తీసుకెళ్ళమంటాడు. మా నాన్నగారికి ఇది అస్సలు నచ్చలేదు. సంతకం చేసినట్టు ఫోటో అయినా లేకపోతే ఎలా అన్నారు.

డబ్బెక్కడిదో చెప్పడం ఇంకో పెద్ద ఘట్టం. లాయరు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతాడు, ఒక్కో పెద్ద మొత్తం ఎక్కడినుంచి వచ్చిందో కాగితం చూపించమంటాడు. ఇంటి నుంచి తల్లిదండ్రులు పంపితే అది బహుమతి, తిరిగి ఇవ్వక్కర్లేదు, ఇంటి మీద మాకు ఏ హక్కూ లేదు అని వాళ్ళు రాసి ఇవ్వాలి, వాళ్ళకి ఆ డబ్బు ఎక్కడిదో కూడా చూపించాలి. మా నాన్నగారు అమ్మిన స్థలం తాలూకు తెలుగు దస్తావేజు ఇక్కడి లాయరమ్మకి నేను వీడియో కాల్‌లో పేజీ పేజీ చెప్పాల్సొచ్చింది, సరిహద్దులు, ఉత్తరం ఫలానా వారి పొలం, దక్షిణం పుంత, అన్నీ ఓపిగ్గా రాసుకుంది. ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా రాస్తాను. స్థలం అమ్మినప్పుడు కాగితం మీద ఉన్నది ఎంతో ఇక్కడ పనికొచ్చేది అంతే. మిగతా సగం చేతికి నోట్లుగా వచ్చి ఉంటే ఆ డబ్బుకి ఈ దేశంలో విలువ సున్నా. దాన్ని వాళ్ళ ద్వారా వీళ్ళ ద్వారా ఇక్కడికి చేర్చే ఏర్పాట్ల గురించి చెప్పేవాళ్ళు దొరుకుతారు, వాళ్ళ మాట వింటే ఇల్లు కాదు, ఉద్యోగం, వీసా కూడా చిక్కుల్లో పడతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్టాంపు డ్యూటీ. ఇంగ్లండ్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న లెక్క ఇది. ఇంటి ధరలో మొదటి 1,25,000 పౌండ్ల మీద పన్ను లేదు, అక్కణ్ణించి 2,50,000 దాకా 2 శాతం, ఆపైన 9,25,000 దాకా 5 శాతం. జీవితంలో మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకి రాయితీ ఉంది, 3,00,000 దాకా ఏమీ లేదు, ఆపైన 5,00,000 దాకా 5 శాతం, ధర 5,00,000 దాటితే మాత్రం రాయితీ మొత్తం పోతుంది. 4,00,000 పౌండ్ల ఇల్లు తీసుకుందాం, ఈ తీరాల్లో మూడు పడగ్గదుల ఇంటికి అది వింత ధరేం కాదు. మొదటి ఇల్లయితే 5,000 పౌండ్లు కడతారు. మొదటిది కాకపోతే 10,000. ఇక మీకు ఇప్పటికే వేరే ఇల్లు ఉండి, ఇది అదనపు ఇల్లు అయితే, 2024 అక్టోబరు 31 నుంచి మొత్తం ధర మీద ఇంకో 5 శాతం, అంటే 20,000 కలిపి 30,000 పౌండ్లు.

మరి అదనపు ఇల్లు అంటే ఏమిటి? ఇక్కడే మనవాళ్ళు దొరికిపోతారు. వేరే ఇల్లు ఇంగ్లండ్‌లోనే ఉండాలని లేదు, ప్రపంచంలో ఎక్కడున్నా లెక్కే. హైదరాబాద్‌లోదైనా, విశాఖలోదైనా, మీ వాటా విలువ 40,000 పౌండ్లు లేక ఆపైన ఉంటే ఇంగ్లండ్‌లో మీరు కొనేది రెండో ఇల్లు కిందే లెక్క. ఇక్కడ ఇన్నాళ్ళూ అద్దెకే ఉన్నాం కదా అంటే కుదరదు. ఫ్లాటు భర్త పేరున ఉంది, ఇక్కడి ఇల్లు భార్య ఒక్కతే కొంటుంది అన్నా కుదరదు, కలిసి కాపురం చేస్తున్న భార్యాభర్తల్ని ఈ పన్ను విషయంలో ఒక్కరిగానే చూస్తారు. విలువ 40,000 కంటే తక్కువైతే అదనపు పన్ను తప్పొచ్చు గానీ, మొదటి ఇల్లనే రాయితీ అప్పుడు కూడా పోతుంది, ఎందుకంటే అది ఎన్నడూ ఎక్కడా ఇల్లు లేనివాళ్ళకి మాత్రమే, వారసత్వంగా వచ్చిన ఇంట్లో వాటా అయినా సరే. ఇద్దరు కలిసి కొంటుంటే ఇద్దరికీ ఆ అర్హత ఉండాలి. మీరెప్పుడూ కాపురం లేని ఫ్లాటుని తర్వాత అమ్మేసినా కట్టిన అదనపు పన్ను తిరిగి రాదు. ఖాళీ స్థలం, పొలం మాత్రం ఇల్లు కాదు కాబట్టి ఇందులోకి రావు. అంటే పిల్లల పేరున స్థలం కొంటే నష్టం లేదు, అదే డబ్బుతో ఫ్లాటు కొంటే 4,00,000 పౌండ్ల ఇంటికి 25,000 పౌండ్లు తేడా. ఇంతకు మించి తేలిగ్గా నేను చెప్పలేను.

ఇక్కడి పన్నుల వాళ్ళకెలా తెలుస్తుందండీ అని అడిగేవాళ్ళు చాలామంది. ఇల్లు చేతికొచ్చిన 14 రోజుల్లో లాయరు పన్ను రిటర్ను వేయాలి, అందులో ఈ ప్రశ్నలకి మీరు జవాబిచ్చి, నిజమేనని ఒప్పుకుని ఉండాలి. దేశాల మధ్య బ్యాంకు ఖాతాల సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది, ఫ్లాటు అద్దె పడే ఖాతా ఒకటి చాలు ఆరా తీయడానికి. పైగా ఇక్కడ ఉంటూ ఆ అద్దె సంగతి చెప్పకపోతే అది ఇంకో తంటా.

మా పెళ్ళయిన దగ్గర్నుంచి మా మామగారికి ఒకటే కోరిక, కొడుకు పేరున ఒక ఫ్లాటు ఉండాలని. మేం ఇక్కడ ఇంటికి ఆఫర్ ఇచ్చిన వారమే అక్కడ ఆయన బిల్డర్ దగ్గర కూర్చున్నారు, రిజిస్ట్రేషన్ మీ వాడి పేరున పెట్టించేద్దాం అని ఆ బిల్డర్ మంచి ముహూర్తం కూడా చెప్పాడట. మా ఆయన ఫోన్లో గంటసేపు మాట్లాడితే, ఆ ఇంగ్లండ్ వాళ్ళకి మన ఊళ్ళో ఫ్లాటుతో పనేమిట్రా, నువ్వు ఏదో తప్పు చదివి ఉంటావు అన్నారు. నేను లాయరు రాసిన ఈమెయిల్ పంపిస్తే అది ఇంగ్లీషులో ఉందని పక్కన పెట్టారు. మీ ఆదివారం అనుబంధం అయితే మొదటి పేజీ నుంచి చివరి ప్రకటన దాకా చదువుతారు, అందులో వచ్చిందంటే ఇక తిరుగులేదు ఆయనకి. రిజిస్ట్రేషన్‌ని ఎలాగో ఆషాఢం వంక పెట్టి ఆపించాం, ఆషాఢం ఎల్లకాలం ఉండదు కదా. అందుకని, వ్యాసం వేసిన పేజీలోనే ఈ స్టాంపు డ్యూటీ సంగతి పన్ను లాయరు ఎవరిచేతనైనా తెలుగులో రాయించి వేయండి, శ్రావణమాసం వచ్చేలోపు వేస్తే మా ఇంటికి మరీ మేలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సౌత్‌బోర్న్, ఇంగ్లండ్